చోద్యం: చూడవలసినదా, అడగవలసినదా?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. రాజుల గురించి, జమీందారుల గురించి సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా కాగితాలు వ్రాసి, దస్త్రాలు కట్టిన నాకు కాస్తో కూస్తో తెలిసినది మాటే. అందుచేత రాజు చరిత్రకు బదులు ఒక మాట చరిత్ర విన్నవించుకుంటాను. ఆ మాట “చోద్యం”.

ఈ మాట నా తలకెక్కడానికి కారణం ఒక చిన్న సంఘటన. మా మేనల్లుడికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. వాడి భార్యకు జీడిపప్పు బట్టీలో పని. అందువల్ల నేనే తోడు వెళ్ళి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుంటాను. ఒకరోజు ఎక్కడినుంచో నలుగురు కారులో వచ్చి, కిటికీలోంచి లోపలి మంచాల వైపు సెల్‌ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. పక్కనే కొడుకు కోసం కూర్చున్న సముద్రతీర గ్రామపు ముసలమ్మ ఒకామె వాళ్ళను చూసి, “సోద్దెం సూడ్డానికొచ్చినారేటి బాబూ?” అంది. అంతే. గట్టిగా కూడా అనలేదు. వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ మాట నన్ను వదలలేదు. ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను.

మామూలుగా లేనిదాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి కానీ ఒక్కొక్కదానిది ఒక్కొక్క గుణం. విచిత్రం అన్న మాటలో చిత్రం ఉంది. సంస్కృతంలో చిత్రమంటే రంగురంగులుగా ఉండేది. ఒకే రంగు చూసిన కంటికి పది రంగులు కనబడితే అది విచిత్రం. విడ్డూరాన్ని మన వైపు ఇడ్డూరం అంటాం. అందులో ఆశ్చర్యం కంటే దెప్పిపొడుపు ఎక్కువ. కోడలు పొద్దెక్కి లేచినా, అల్లుడు అడగకుండా అత్తవారింటికి బియ్యం తెచ్చినా ఇడ్డూరమే. ఇక వింత. “కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని మన పెద్దల సామెత. బ్రౌను దొర 1852లో అచ్చువేయించిన తెలుగు నిఘంటువులో వింతకు కొత్తది, ఆశ్చర్యమైనది అనే అర్థాలతో పాటు పరాయిది అనే అర్థం కూడా ఉంది. వింతవాడు అంటే వెనుకటికి వినోదం చూపేవాడు కాదు, మనవాడు కానివాడు. మనకు తెలియనివాడు కనుక వింతవాడు.

ఇప్పుడు చోద్యం సంగతి. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. దీని మూలమైన ధాతువుకు ప్రేరేపించడం, ముందుకు నెట్టడం అని అర్థం. గాయత్రి చెప్పుకునేవారికి “ప్రచోదయాత్” అన్న మాట తెలుసు గదా, అక్కడిదీ ఆ ధాతువే. శాస్త్ర చర్చలలో ఒకరు ఒక సిద్ధాంతం చెప్పినప్పుడు ఎదుటివారు లేవదీసే ప్రశ్నకు, ఆక్షేపణకు చోద్యమని పేరు. దానికి ఇచ్చే సమాధానానికి పరిహారమని పేరు. చోద్యం, పరిహారం జంటపదాలు. అంటే చోద్యమనగా అడిగి తీరవలసినది. అడగవలసినంత కఠినమైన ప్రశ్న ఆశ్చర్యం కలిగిస్తుంది కనుక సంస్కృతంలోనే దానికి ఆశ్చర్యమనే అర్థం కూడా ఏర్పడింది. తెలుగువాడుకలో ప్రశ్న జారిపోయి ఆశ్చర్యమే నిలిచింది. తరవాత అది కూడా పలచబడి, “చోద్యం చూడటం” అంటే ఏమీ చేయకుండా నిలబడి చూడటమైంది. ఊళ్ళో ఇల్లు తగలబడుతుంటే చోద్యం చూస్తున్నావా అని తిడతాం. పరిహారం గతి కూడా అంతే. ఇప్పుడు పరిహారమంటే తుపాను వెళ్ళిపోయాక చెట్టుకింత అని లెక్కగట్టి ఇచ్చే సొమ్ము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలిపోయినప్పుడు ఈ మాట మన చెవులలో ఎన్నిసార్లు పడిందో మీకు తెలియంది కాదు.

అడగవలసినది చూడవలసినదయింది, సమాధానం కావలసినది చెక్కు అయింది. ఒక మాట ఇంత దూరం జారితే ఆ జారుడు నిఘంటువు దగ్గర ఆగుతుందా, మన నడవడి దాకా వస్తుందా? ఇదే నా ప్రశ్న. దీనికి మన చుట్టుపక్కల చరిత్ర నుంచే మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది మన గిడుగు రామమూర్తి పంతులు గారిది. వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ కొండలలో సవరలు ఉంటారు. సంతలకు దిగివచ్చే సవరల మాట మైదానంలో అందరూ వినేవారే. విని, అదేదో వింత భాష అనుకుని ఉప్పు అమ్మి, చింతపండు కొనుక్కుని వెళ్ళేవారే. పంతులు గారు మాత్రం అది ఏమి భాష, దాని కట్టుబాటు ఏమిటి అని అడిగారు. ఆ భాష తెలిసినవారిని ఇంట పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా విడిచిపెట్టలేదు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు ఇంగ్లీషులో వెలువడ్డాయి. మనం వింత అనుకున్న ఆ భాష ముండా భాషల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబానికి దూరపు చుట్టరికం కాంబోడియా దేశపు ఖ్మేరు భాష దాకా ఉంది. వింత అన్నవారికి ఒక ముక్క కూడా తెలియలేదు. అడిగినవారికి బంధువర్గమంతా తెలిసింది.

అదే పంతులు గారిని చివరికి సరిహద్దు వింతవారిని చేసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాను చీల్చారు. పర్లాకిమిడి ఆ వైపు పోయింది. మన సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం ఈ వైపు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. తరవాత 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. అరవై ఏళ్ళకు దగ్గరగా కాపురమున్న ఊరు విడిచి పంతులు గారు రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరిలో కాలం చేశారు. ఇచ్ఛాపురం, సోంపేట ఇళ్ళలో బరంపురం సంబంధాలు లేనివి తక్కువ. నిన్నటి వియ్యాలవారు ఒక్క రాత్రిలో పరరాష్ట్రం వారయ్యారు. మనిషి మారనక్కరలేదు, గీత మారితే చాలు, వింతవాడు తయారవుతాడని దీనివల్ల తెలుస్తుంది.

రెండో ఉదాహరణ దక్షిణాన పొదిలి, దర్శి ప్రాంతానిది. అప్పట్లో అది నెల్లూరు జిల్లా, మద్రాసు రాజధాని. అక్కడ కొన్ని గ్రామాలలో జనానికి పళ్ళు గారపట్టడం, నడుములు వంగిపోవడం, మెడ తిరగకపోవడం ఉండేది. పశువులకూ అదే అవస్థ. వాతమని కొందరు, కర్మమని కొందరు. ఎప్పటినుంచో ఉన్నదే కనుక చూసేవారికి వింత, పడేవారికి అలవాటు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ జబ్బును పరిశీలించి, నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు పట్టిన వ్యాధి ఇదని వైద్య పత్రికలో ప్రకటించారు. బావి నీరు తీసి పరీక్షించారు కనుక బయటపడింది. నల్గొండ జిల్లాలో కూడా ఇదే బాధ. 1970లలో పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే పెట్టారు. కారణం తెలిసిన తరవాత కూడా ఆ గ్రామాలకు మంచినీరు అందడానికి దశాబ్దాలు పట్టిందన్నది వేరే సంగతి. కాని కారణం తెలియకపోతే ఏ నీరు కావాలని అడగాలో కూడా తెలియదు.

మూడో ఉదాహరణ మనదే. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. అయినా చెప్పకపోతే పై రెండూ చెప్పిన ప్రయోజనం లేదు.

ఉద్యానమన్న మాటే ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలతో సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వరకు పచ్చగా ఉండే నేల ఇది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చావుపుట్టుకల రిజిస్టరు గ్రామ మునసబు వ్రాసేవాడు. నెలకొకసారి అవి మాకు వచ్చేవి, మేము అంకెలు కూడి పైకి పంపేవాళ్ళం. మరణ కారణం అన్న గడిలో జ్వరం, ముసలితనం, ఒళ్ళు నీరు పట్టి, అని ఉండేది. నీరు పట్టిన మనిషి వయసు నలభై అయినా, ముప్పై ఎనిమిదైనా మేము అంకెనే చూశాం, గడిని చూడలేదు. 1984లో మునసబు, కరణాల పద్ధతి పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రిజిస్టర్లు చేతులు మారాయి. గడి మాత్రం అలాగే ఉంది.

1990ల మధ్యలో నేను పనిచేస్తున్న ఒక కార్యాలయానికి తీరగ్రామం ఒకదాని నుంచి మహజరు వచ్చింది. కార్యాలయం పేరు, అధికారి పేరు ఇక్కడ అనవసరం, తప్పు నా కలానిది. మా ఊళ్ళో వయసులో ఉన్నవాళ్ళు కాళ్ళు వాచి, అన్నం సయించక, ఒకరి తరవాత ఒకరు పోతున్నారు, మా బావుల నీరు పరీక్ష చేయించండి, డాక్టరును పంపండి, అని దాని సారాంశం. కింద సంతకాలు, వేలిముద్రలు. వెనుక పేజీలో చనిపోయినవారి జాబితా: పదమూడు పేర్లు, వయసులు, చేసే పని. ఊరి కుర్రవాడెవడో చక్కటి దస్తూరితో వ్రాశాడు.

దాని మీద నోటు పెట్టవలసినవాడిని నేను. నేను వ్రాసినది నాకు ఇప్పటికీ కంఠస్థమే. “సదరు గ్రామమునందు ఏదో వింత వ్యాధి ప్రబలినట్లు గ్రామస్థులు చెప్పుకొనుచున్నారు. సమాచార నిమిత్తము సమర్పించడమైనది.” జాబితా సంగతి నోటులో ఎత్తలేదు. నీటి పరీక్ష అడిగారన్న సంగతి కూడా వ్రాయలేదు. వింత వ్యాధి అన్న తరవాత ఇక వ్రాయడానికి ఏముంటుంది? కాగితం పైకి వెళ్ళి, చిన్న సంతకంతో కిందికి వచ్చింది. నేను దానికి ఎల్.డిస్. నంబరు వేసి కట్టేశాను. ఎల్.డిస్. అంటే ఏమిటో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. ఇతరుల కోసం చెబుతున్నాను: శాశ్వతంగా దాచనక్కరలేదు, కొన్నాళ్ళు ఉంచి చింపివేయవచ్చు అని అర్థం.

వింత అన్న మాట ఎంత సులువుగా పనిచేస్తుందో చూడండి. వింత అనగానే అది మనది కాదు, మనకు అర్థమయ్యేది కాదు, మన విభాగానికి చెందినది కాదు. ఆ జాబితాలో వయసులన్నీ ముప్పైకీ యాభైకీ మధ్యనే ఉన్నాయి. చేసే పనులన్నీ ఎండలో చేసేవే. అంకెలు కూడటమే వృత్తిగా బతికినవాణ్ణి, ఆ రెండు గడులను పక్కపక్కన పెట్టి చూడలేకపోయాను. చూసి ఉంటే జబ్బు కుదిరేదని అనను. కాని ప్రశ్న ఒకటి దస్త్రంలో బతికి ఉండేది.

తరవాత కథ మీకు తెలుసు. ఉద్దానం కిడ్నీ జబ్బు పేరు పత్రికలకెక్కింది. అక్కడ కూడా చాలాకాలం “వింత వ్యాధి”, “అంతుచిక్కని వ్యాధి” అనే శీర్షికలే. విశాఖపట్నం నుంచి డాక్టర్ టి. రవిరాజు గారి వంటి మూత్రపిండాల వైద్యులు గ్రామాలకు వచ్చి రక్తం, మూత్రం పరీక్షించడం మొదలుపెట్టారు. వారి బృందం 2019లో ప్రకటించిన సర్వేలో 2,210 మందిని పరీక్షించగా నూటికి సుమారు 18 మందికి మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు తేలింది. అందులో ఎక్కువమందికి చక్కెరగానీ రక్తపోటుగానీ లేవు. సాధారణంగా కిడ్నీలు చెడగొట్టే కారణాలు ఆ రెండే గదా. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, వాపు చూపదు. తెలిసేసరికి చాలావరకు పాడైపోయి ఉంటుంది. అందుకే మన పల్లెల్లో చదువురాని ముసలమ్మ కూడా “కిరియాటిన్ ఎంతొచ్చింది?” అని అడుగుతుంది. ఇంతమంది నోట క్రియాటినిన్ అన్న మాట పలికే పల్లెలు బహుశా తక్కువ.

ఇది మన ఒక్కరి వింత కాదని కూడా అప్పుడే తెలిసింది. శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ వైపు వరి రైతులలో 1990ల నుంచి ఇదే రకం జబ్బు కనబడింది. సముద్రాలకు అవతల ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాలలో చెరకు తోటల కూలీలలో ఉంది. ఎక్కడ చూసినా ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవారే. నీటిలోని లోహాలా, పురుగుమందులా, ఎండ దెబ్బకు ఒంట్లో నీరు ఇంకిపోవడమా, నొప్పి మాత్రలు అతిగా మింగడమా, వంశపారంపర్యమా, ఇవన్నీ కలిసా అని పరిశోధన సాగుతోంది. ఇదొక్కటే కారణమని నిర్ధారణ ఇంకా కాలేదు. అయినా అడిగినందువల్ల కొన్ని పనులు జరిగాయి. సోంపేట, పలాస, కవిటి ఆసుపత్రులలో డయాలసిస్ వచ్చింది. రోగులకు పింఛను వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానానికి నీరు తెచ్చే పథకం వచ్చింది. ఇందులో ఏ ఒక్కటీ చోద్యం చూసినవారి వల్ల రాలేదు. అడిగి, అడిగి, మళ్ళీ అడిగినవారి వల్ల వచ్చాయి.

ఈ మధ్యలో ఇంకొక సంగతి జరిగింది. ఉద్దానం ఊళ్ళకు పిల్లనివ్వడానికి బయటివారు వెనుకాడటం మొదలుపెట్టారు. మా మేనల్లుడి పిల్లకు వచ్చిన ఒక సంబంధం వాళ్ళు తండ్రి ఆరోగ్యం గురించి వాకబు చేసుకుని మళ్ళీ కబురు పంపలేదు. వాళ్ళనూ తప్పు పట్టలేను. జబ్బు వింతదయితే జబ్బు మనిషి, ఆ మనిషి ఊరు, ఆ ఊరి పిల్ల, అందరూ వింతవారే అవుతారు. బ్రౌను దొర నిఘంటువులోని పాత అర్థం పోయిందనుకున్నాను. మా ఇంటి గుమ్మం ముందే నిలబడి ఉంది.

ఆ ముసలమ్మను తరవాత ఇంకో రెండు మూడు సార్లు ఆసుపత్రిలో చూశాను. ఏ ఊరని అడిగాను. నేను ఎల్.డిస్. వేసిన ఊరు కాదు, దానికి రెండు ఊళ్ళ అవతల. అదే ఊరయి ఉంటే ఏం చెప్పి ఉండేవాడినో నాకు తెలియదు. టీ ఇప్పించాను. ఆమె కొడుక్కి ఎప్పటినుంచి బాగులేదు, ఏ బావి నీళ్ళు తాగేవారు, ఏం పని చేసేవాడు అని అడిగాను. ఆమె అరగంట చెప్పింది. ఇన్నేళ్ళలో ఇవన్నీ తనను వరుసగా అడిగినవాడు లేడంది. నేను వైద్యుణ్ణి కాను, ఆ జవాబులతో నేను చేయగలిగిందీ లేదు. కాని ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి వ్రాసుకున్నాను. ఇప్పటికి ఆ పుస్తకంలో ఇరవై ఆరు మంది సంగతులు ఉన్నాయి.

తోటి పింఛనుదారులకు నా మనవి ఒక్కటే. మనలో గుమాస్తాలు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, ఆరోగ్య శాఖలో చేసినవారు ఉన్నారు. అర్జీ వ్రాయడం, గళ్ళు గీయడం, తారీఖు వేయడం మనకు వచ్చినంతగా మన పిల్లలకు రాదు. మీ వీధిలో, మీ ఊరిలో ఈ జబ్బుతో ఉన్నవారి, పోయినవారి వివరాలు వయసు, పని, తాగిన నీరు, ఎప్పుడు తెలిసింది అన్న గళ్ళతో వ్రాసి పెట్టండి. వారి అనుమతితోనే సుమా. మరణం నమోదు చేయించేటప్పుడు కారణం గడిలో “నీరు పట్టి” అని సరిపెట్టవద్దు, డాక్టరు కాగితంలో ఉన్నది వ్రాయించండి. అడిగే అధికారి, అడిగే వైద్యుడు వచ్చిన రోజున మన దగ్గర కాగితం ఉండాలి.

ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం వ్రాసి ఇస్తాం. ఆలస్యమయితే పింఛను ఆగుతుంది కనుక మరచిపోము. పోయినవారు ఎందుకు పోయారో చెప్పే కాగితం మాత్రం ఎవరూ అడగరు. అది అడగవలసినదే. అదే అసలు చోద్యం.

సెలవు.